మొదటి పిస్టల్: ఏది కొనాలి, తొలి నెలల్లో ఏం సాధన చేయాలి

మీ ప్రశ్నని కుదిస్తే ఇదీ: ఇంతవరకూ పిస్టల్ చేత్తో పట్టుకున్నది లేదు, లైసెన్సు పని చివరికొచ్చింది, ఉద్దేశం రేంజిలో కాగితం టార్గెట్ మీద కాల్చడమే. జేబులో పట్టేంత చిన్న 9 ఎంఎం ఒకటి చూసి పెట్టుకున్నారు. అది సరైనదేనా, కొన్నాక ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, ఇంట్లో ఎలా ఉంచాలి అని అడిగారు.

ఆ చిన్న 9 ఎంఎం వద్దండి. .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) అనే సన్నటి చిన్న తూటా వాడే పూర్తి సైజు పిస్టల్ తీసుకోండి. బ్యారెల్ 5 అంగుళాలకి తగ్గకూడదు, గురి చూసే సైట్లలో వెనకది స్క్రూతో సర్దుకునేలా ఉండాలి. మిగిలిన డబ్బు తూటాలకి, మంచి చెవి రక్షణకి, తెలిసిన కోచ్ దగ్గర మూడు నాలుగు పాఠాలకి పెట్టండి. రేంజిలో కాల్చే ఒక్కో తూటాకి ఇంట్లో కనీసం ఐదు సార్లు ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కండి. పిస్టల్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో ఉంచండి. మీకు కావలసింది ఇంతే. ఎందుకో, ఎలాగో కింద రాస్తున్నాను.

చిన్న పిస్టల్ తేలిగ్గా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకి సులువు అనుకుంటారు చాలామంది. నిజం దానికి పూర్తిగా ఎదురు. .22 ఎల్‌ఆర్ బుల్లెట్, అంటే తూటాలోంచి ఎగిరిపోయే ముక్క, మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. 9 ఎంఎం బుల్లెట్ 115 నుంచి 124 గ్రెయిన్లు, అంటే 7.5 నుంచి 8 గ్రాములు. వేగం కూడా తక్కువేమీ కాదు. ఇటు పిస్టల్ బరువు చూడండి. .22 టార్గెట్ పిస్టల్ కిలో, కిలోకి కాస్త పైన తూగుతుంది. జేబు సైజు 9 ఎంఎం అరకిలో అటూఇటూ. బుల్లెట్ మూడింతలు బరువు, పేలినప్పుడు వెనక్కి వచ్చే తన్నుని ఆపాల్సిన పిస్టల్ సగం బరువు. ఆ తన్నంతా మీ అరచేతిలోకే వస్తుంది.

చెయ్యి నొప్పి పుట్టడం పెద్ద సంగతేం కాదు. తన్ను వస్తుందని మెదడు ముందే కాచుకుని ఉండటం, అదీ సమస్య. ఐదారు తూటాలు పేలేసరికి, ట్రిగ్గర్ తెగి పిస్టల్ పేలబోయే క్షణానికి ముందే మణికట్టు పిస్టల్ మూతిని కిందికి నెట్టేస్తుంది. మిగతా నాలుగు వేళ్లూ ఒక్కసారిగా బిగుసుకుంటాయి, కళ్లు మూతపడతాయి. కుడిచేతి వాళ్ల బుల్లెట్లు కిందా ఎడమపక్కనా పడతాయి, ఎడమచేతి వాళ్లవి కిందా కుడిపక్కనా. పేలిన వెంటనే పిస్టల్ పైకి ఎగురుతుంది కాబట్టి, అంతకు ముందు మూతి దిగిన సంగతి కాల్చినవాళ్లకి తెలియనే తెలియదు. సైట్లు తప్పుగా ఉన్నాయనుకుని స్క్రూడ్రైవర్ తీస్తారు. కొత్త పిస్టల్ మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. ఈ అలవాటు పట్టుకుంటే వదలడానికి నెలలు పడుతుంది. .22తో మొదలుపెడితే పట్టుకునే అవకాశమే తక్కువ.

చిన్న పిస్టల్‌కి ఇంకో లోపం, ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం. చిన్నదాంట్లో సుమారు 130 మి.మీ., టార్గెట్ పిస్టల్‌లో 230 మి.మీ. పైచిలుకు. ముందు సైటు వెనక గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి. 10 మీటర్ల దూరంలో చిన్న పిస్టల్ బుల్లెట్ 77 మి.మీ. పక్కకి పోతుంది, పెద్దదాని బుల్లెట్ 43 మి.మీ. చేతి తప్పు అదే, కాగితం మీద శిక్ష దాదాపు రెట్టింపు. చిన్న పిస్టల్ జేబులో పెట్టుకు తిరగడానికి చేసిన వస్తువు. దాంతో బాగా కాల్చేవాళ్లు ఉన్నారు, వాళ్లు దాంతో నేర్చుకున్నవాళ్లు మాత్రం కాదు.

కొనేముందు వీలైతే రేంజిలో అద్దెకో, తెలిసినవాళ్ల పర్యవేక్షణలోనో రెండు మూడు రకాలు కాల్చి చూడండి. ఖాళీ పిస్టల్ చేతికిచ్చినప్పుడు ఇవి గమనించాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న లోయలాంటి భాగం పిడి వెనక వీలైనంత పైకి చేరాలి, ముంజేయి, బ్యారెల్ ఒకే గీతలో ఉండాలి. అలా పట్టుకున్నాక చూపుడువేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీద ఆనాలి. దానికోసం పిడిని చేతిలో తిప్పుకోవాల్సి వస్తే ఆ పిస్టల్ మీ చేతికి పెద్దది. మ్యాగజైన్ (పిడిలో దూరే తూటాల డబ్బీ) మీట, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) ఆపే మీట ఎక్కడున్నాయో తడుముకోకుండా అందాలి. స్లైడ్ లాగలేకపోతున్నామని కొందరు దిగులు పడతారు. తొంభై పాళ్లు అది బలం సంగతి కాదు, పద్ధతి సంగతి. రెండు వేళ్లతో గిల్లినట్టు లాగకండి. పిస్టల్ ఛాతీకి దగ్గరగా తెచ్చి, ఎడమ అరచేతిని స్లైడ్ వెనక భాగం మీద బోర్లించి నాలుగు వేళ్లతో గట్టిగా పట్టి, కుడిచేత్తో పిస్టల్‌ని ముందుకి తొయ్యండి. మూతి మాత్రం టార్గెట్ వైపే ఉండాలి. ఛాతీ దగ్గరికి తెచ్చినప్పుడు చాలామంది తెలియకుండానే మూతిని పక్కనున్న మనిషి మీదికి తిప్పేస్తారు.

రూగర్ మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెసన్ విక్టరీ, ఈ మూడూ ఈ తరగతిలో పేరున్నవి. వీటి మధ్య తేడా కొత్తవాళ్ల కాగితం మీద కనిపించదు. మార్క్ 4లో వెనక ఒక మీట నొక్కితే పిస్టల్ మధ్యకి మడిచి విప్పుకోవచ్చు, శుభ్రం చేయడం ఇష్టంలేనివాళ్లకి అది పెద్ద వరం. మీ చోట దొరికేది, విడిభాగాలు, అదనపు మ్యాగజైన్లు దొరికేది తీసుకోండి. మ్యాగజైన్లు కనీసం మూడు కావాలి. రివాల్వర్ తీసుకోవచ్చా అంటే తీసుకోవచ్చు, .22 రివాల్వర్ నేర్పే పాఠాలు మంచివే. కానీ దాని డబుల్ యాక్షన్ ట్రిగ్గర్, అంటే ఒకే నొక్కుతో సుత్తిని లేపి వదిలేది, నాలుగైదు కిలోల బరువు ఉంటుంది, టార్గెట్ పిస్టల్ ట్రిగ్గర్ కిలో, కిలోన్నర. మొదటి వారాల్లోనే ఆ బరువుతో కుస్తీ ఎందుకు?

వాడిన పిస్టల్ కొంటుంటే ఒక్క చోట టార్చి వేసి చూడండి: ఛాంబర్ (బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే గూడు) నోటి అంచు. తూటాని పేల్చే ఫైరింగ్ పిన్ సూది కొట్టి కొట్టి అక్కడ చిన్న నొక్కు పడి ఉంటే, ఆ .22లో తూటా లోపలికి దిగకపోవడం, పేలకపోవడం మొదలవుతాయి. ఆ మాట మళ్లీ డ్రై ఫైర్, అంటే ఖాళీ పిస్టల్‌తో సాధన, దగ్గర వస్తుంది.

లైసెన్సు చేతికొచ్చేలోపు ఖాళీగా కూర్చోవాల్సిన పనిలేదు. దగ్గర్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్లబ్బు ఉంటే చేరిపోండి. 4.5 ఎంఎం పెల్లెట్, తన్ను దాదాపు సున్నా. అంతర్జాతీయ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ. మాత్రమే. సైట్లు, ట్రిగ్గర్ గురించి అది నేర్పినంత శుద్ధంగా ఇంకేదీ నేర్పదు. అక్కడ ఒంటిచేత్తో కాలుస్తారు, ఆ తేడా గుర్తుంచుకుంటే చాలు.

చెవులు, కళ్లు. .22 చప్పుడు చిన్నదే కదా అని ఒట్టి చెవులతో కాల్చకండి. పొట్టి బ్యారెల్ నుంచి వచ్చే .22 చప్పుడు 140 డెసిబెళ్లు దాటగలదు, 9 ఎంఎం 160 దరిదాపుల్లో ఉంటుంది. పోయిన వినికిడి తిరిగిరాదు. పైకప్పు ఉన్న రేంజిలో స్పాంజి ప్లగ్గు లోపల, హెడ్‌ఫోన్ లాంటి మఫ్ పైన, రెండూ పెట్టుకోండి. స్పాంజి ప్లగ్గుని చాలామంది చెవి గుమ్మంలోనే వదిలేస్తారు. దాన్ని వేళ్ల మధ్య సన్నగా పుల్లలా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా అరనిమిషం వేలితో ఆపాలి. అద్దాలు పాలీకార్బనేట్‌వి, పక్కలు కూడా మూసేవి ఉండాలి. టోపీ, మెడ దాకా మూసిన చొక్కా వేసుకోండి. పేలాక బయటికి ఎగిరే తూటా తొడుగు, అంటే వేడి ఖాళీ కేసు, కాలర్ లోంచి జారితే మనిషి గంతేస్తాడు, ఆ గంతులో చేతిలో ఉన్న పిస్టల్ ఎటు తిరుగుతుందో చెప్పలేం. అలా పడినా మూతి కదలనివ్వకండి. కాలితే కాలింది, ముందు పిస్టల్ కింద పెట్టండి.

అమెరికన్ షూటింగ్ గురువు జెఫ్ కూపర్ పేరుతో చలామణిలో ఉన్న నాలుగు నియమాలు మీకు ఎక్కడైనా చెప్తారు: ప్రతి తుపాకీ లోడయి ఉందనే అనుకోవాలి, నాశనం చేయడానికి సిద్ధంగా లేని దేని వైపూ మూతి తిప్పకూడదు, సైట్లు టార్గెట్ మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. నాలుగోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. చిన్నదిగా కనిపించే .22 బుల్లెట్ కిలోమీటరు దాటి వెళ్తుంది. రాయి మీద, నీళ్ల మీద తగిలితే ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. అందుకే మట్టి కట్టో, సరైన బుల్లెట్ ట్రాపో లేనిచోట కాల్చకూడదు.

నియమాలు అందరికీ నోటికి వచ్చు. ప్రమాదాలు జరిగేది ఖాళీ చేసే క్రమం దగ్గర. ముందు మ్యాగజైన్ బయటికి, ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి. దీన్ని తిరగేస్తే ఏమవుతుందో చూడండి. మ్యాగజైన్ లోపలే ఉండగా స్లైడ్ లాగారు, ఛాంబర్‌లో తూటా బయటికి ఎగిరింది, మీకు అది కనిపించింది, తృప్తి కలిగింది. స్లైడ్ ముందుకి వెళ్తూ మ్యాగజైన్ లోంచి ఇంకో తూటాని ఛాంబర్‌లోకి తోసింది. ఇప్పుడు మ్యాగజైన్ తీశారు. చేతిలో ఉన్నది ఖాళీ పిస్టల్ అని మీరు ప్రమాణం చేసి చెప్పగలరు, అది మాత్రం లోడయి ఉంది. కాబట్టి క్రమం ఇది: వేలు ట్రిగ్గర్ గార్డు బయట, మూతి టార్గెట్ వైపు, మ్యాగజైన్ తీసి బల్ల మీద పెట్టడం, స్లైడ్ రెండు మూడు సార్లు పూర్తిగా లాగి వెనక్కి ఆపడం, ఛాంబర్‌లోకి కంటితో చూడటం, చిటికెన వేలి కొసతో తడిమి చూడటం. తర్వాత పిస్టల్ పిడిలో మ్యాగజైన్ గూడు కూడా చూడాలి. ఎవరి చేతికిచ్చినా, ఎవరి దగ్గర తీసుకున్నా, అర నిమిషం క్రితమే చూసినా, మళ్లీ చేయాలి.

తూటా పెట్టె మీద ఉన్న పేరు, బ్యారెల్ మీద చెక్కిన పేరు అక్షరం అక్షరం ఒకటే కావాలి. .22 ఎల్‌ఆర్ వేరు, .22 మ్యాగ్నమ్ వేరు. 9 ఎంఎం అన్నవాటిలోనే 9x19, 9x18, 9x17 ఉన్నాయి. .22 పిస్టళ్లకి ఇంకో చాదస్తం ఉంది: ఒక బ్రాండు తూటా పెడితే గుళ్లో హారతిలా సాఫీగా సాగుతుంది, ఇంకోటి పెడితే పదికోసారి ఇరుక్కుంటుంది. మొదట్లోనే పెద్ద డబ్బా కొనకుండా, నాలుగైదు రకాలు 50 చొప్పున తీసుకోండి. ఒక్కో రకంతో ఐదేసి తూటాల గ్రూపులు (ఒకే గురితో వరసగా కాల్చినవి) నాలుగైదు కాల్చి, ఎన్ని ఇరుక్కున్నాయి, గ్రూపు ఎంత వెడల్పు అని రాసుకుంటే మీ పిస్టల్‌కి ఏది పడుతుందో తెలిసిపోతుంది. సుమారు సెకనుకి 325 మీటర్ల స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు టార్గెట్‌కి బాగుంటాయి. కొన్ని పిస్టళ్ల స్లైడ్‌కి ఆ బలం చాలదు, అప్పుడు హై వెలాసిటీ వాడాలి.

ఇక పట్టు. రెండు చేతులతో. కుడిచేయి పిడి మీద పైకి, ఇందాక చెప్పినట్టు. పిడి ఎడమ పక్క ఖాళీగా మిగిలిన జాగాలో ఎడమ అరచేతి దిగువ మెత్త వచ్చి కూర్చోవాలి, ఎడమ వేళ్లు కుడి వేళ్ల మీదుగా చుట్టుకోవాలి. బొటనవేళ్లు రెండూ ఒకదాని కింద ఒకటి ముందుకి చూస్తూ ఉండాలి. ఎడమ బొటనవేలిని కుడిచేతి మీదుగా పిడి వెనక్కి దాటించకండి, వెనక్కి వచ్చే స్లైడ్ దాన్ని చీరేస్తుంది. రివాల్వర్‌కి ఇది మారుతుంది. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వేడి వాయువు పక్కలకి చిమ్ముతుంది కాబట్టి అక్కడ వేళ్లు ముందుకి చాపకూడదు. ఎడమచేయి కుడిచేతి కంటే కాస్త ఎక్కువ బిగించాలి. కుడిచేయి బిగిస్తే చూపుడువేలు కూడా బిగుసుకుంటుంది, దానికి స్వేచ్ఛ కావాలి. పాదాలు భుజాల వెడల్పున, నడుము దగ్గర కొంచెం ముందుకి వంగి నిలబడండి. కొత్తవాళ్లు పిస్టల్ బరువుకి వెన్ను వెనక్కి వంచుతారు, అలా నిలబడితే పది తూటాలకే అలసట వస్తుంది.

చూపు. ముందు సైటు పై అంచు, వెనక సైటు పై అంచు ఒకే మట్టంలో ఉండాలి. గాడిలో ముందు సైటుకి అటూ ఇటూ వెలుగు సమానంగా ఉండాలి. స్పష్టంగా కనిపించాల్సింది ముందు సైటు. టార్గెట్ మసకగా ఉండాలి, వెనక సైటు కాస్త మసక. టార్గెట్‌ని స్పష్టంగా చూడాలని కన్ను పోరుపెడుతుంది. దాని మాట వింటే సైట్లు ఎటు జరిగాయో మీకు తెలియదు. ఒక లెక్క చెప్తే ధైర్యం వస్తుంది. పిస్టల్ మొత్తం, సైట్లు చెదరకుండా, ఐదు మిల్లీమీటర్లు పక్కకి ఊగితే టార్గెట్ మీద తేడా ఐదు మిల్లీమీటర్లే. సైట్లు ఒకదానికొకటి ఒక్క మిల్లీమీటరు తప్పితే తేడా నలభై పైన. ఊగడం ఎవరికైనా ఉంటుంది, పతకాలు గెలిచినవాళ్లకీ ఉంటుంది. ఊగనివ్వండి, సైట్లు మాత్రం చెదరనివ్వకండి. నలభై దాటినవాళ్లకి ముందు సైటు మసకేస్తుంటే, దూరపు చూపు నంబరుకి 0.50 నుంచి 0.75 కలిపిన అద్దం వేసుకుంటే చాలావరకు సరిపోతుంది. కళ్ల డాక్టరుకి చేయి చాచినంత దూరంలో సైటు కనపడాలని చెప్పండి, వాళ్లే చూసి రాస్తారు.

ట్రిగ్గర్‌ని లాగడం కాదు, ఒత్తిడి పెంచుకుంటూ పోవడం. ఊగుతున్న సైట్లు పదో వలయం మీదికి వచ్చిన క్షణంలో టక్కున నొక్కుదామన్న ఆశ ఉంటుంది చూశారూ, గ్రూపుని చెడగొట్టేది అదే. ఒత్తిడి మొదలుపెట్టాక మూడు నాలుగు సెకన్లలో అది తెగాలి. ఏడెనిమిది సెకన్లు దాటితే ఊపిరి, చూపు రెండూ అలిసిపోతాయి, అప్పుడు వేలు తీసి, పిస్టల్ దించి, మళ్లీ ఎత్తండి. పేలాక ట్రిగ్గర్‌ని ఒక క్షణం వెనకే పట్టి ఉంచి, ముందు సైటు తిరిగి ఎక్కడికొచ్చి ఆగిందో చూడండి. బుల్లెట్ ఎక్కడ పడిందో చూద్దామని తల ఎత్తకండి.

డ్రై ఫైర్ అంటే ఖాళీ పిస్టల్‌తో ఇదంతా చేయడం. .22కి ఒక జాగ్రత్త ఉంది. దీని ఫైరింగ్ పిన్ తూటా అంచు మీద కొడుతుంది, తూటా లేనప్పుడు కొన్ని మోడళ్లలో నేరుగా ఛాంబర్ అంచుని కొట్టి నొక్కు పెడుతుంది. మీ మోడల్‌కి డ్రై ఫైర్ సరేనా అని మాన్యువల్‌లో చూడండి, కాదంటే .22 స్నాప్ క్యాప్ (పిన్ దెబ్బ తినే, మందు లేని ఉత్తుత్తి తూటా) వాడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు, పక్క గదిలో తాళం వేసి రావాలి. ఖాళీ చేసే క్రమం మొత్తం చేసి, వెనక ఎవరూ లేని, బుల్లెట్‌ని ఆపగల గట్టి గోడ వైపు నిలబడండి. గోడ మీద టార్గెట్ అక్కర్లేదు. ఖాళీ గోడ వైపు చూస్తూ, ముందు సైటు మాత్రమే చూస్తూ, టిక్కుమన్నప్పుడు అది కదిలిందా లేదా అని గమనించడమే పని. కదలకుండా పది వచ్చేదాకా చేసి, ఆపేయండి. పదిహేను నిమిషాలు దాటితే శ్రద్ధ సడలుతుంది. అయిపోయాక "అయిపోయింది" అని పైకి అనండి, పిస్టల్ తాళంలో పెట్టేయండి. "ఇంకొక్కటి" అని తూటాలు పెట్టుకున్నాక మళ్లీ గోడ వైపు నొక్కడం వల్లే గోడలకి కన్నాలు పడతాయి.

రేంజిలో మొదటి రోజు 5 నుంచి 7 మీటర్ల దూరం చాలు. అది సిగ్గుపడాల్సిన దూరం కాదు. మ్యాగజైన్‌లో ఒక్క తూటా పెట్టి కాల్చండి, పది సార్లు అలా. తర్వాత రెండు, ఆ తర్వాత ఐదు. మొత్తం 50 దాటనివ్వకండి. మొదటి రోజున ఆ పైన కాల్చేవన్నీ అలసటతో నేర్చుకునే తప్పులే. ఐదేసి తూటాల గ్రూపులు, గ్రూపుకో కొత్త టార్గెట్. ఐదూ దగ్గర దగ్గరగా పడేదాకా సైట్లు ముట్టుకోవద్దు. మూడు గ్రూపులు వరసగా బిగువుగా, ఒకే చోట, కేంద్రానికి దూరంగా పడితే అప్పుడు సర్దండి. వెనక సైటుని బుల్లెట్ ఎటు పోవాలో అటే జరపాలి, ముందు సైటు కదిలేదైతే దానికి ఎదురు. గ్రూపు అరచేయంత వెడల్పుకి వచ్చాక 10 మీటర్లు, తర్వాత 15, ఆపై 25.

ముందే కాచుకునే జబ్బు మీకుందో లేదో తేల్చడానికి ఒక్కటే పరీక్ష. పక్కవాళ్లని మ్యాగజైన్ నింపమనండి, మామూలు తూటాల మధ్య మీకు తెలియకుండా ఒకటి రెండు డమ్మీలు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, కలిపి. డమ్మీ వచ్చినప్పుడు చప్పుడుండదు, తన్ను ఉండదు. మూతి కిందికి మునిగితే అది మీరు చేసిందే, పిస్టల్ మీద నెట్టడానికి వీల్లేదు. ఈ పరీక్షే మందు కూడా. వారానికోసారి చేస్తుంటే మునగడం తగ్గుతూ వస్తుంది.

పేలకపోతే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. టిక్కుమని ఆగిపోతే పిస్టల్‌ని అలాగే టార్గెట్ వైపు పట్టి 30 సెకన్లు లెక్కపెట్టండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. తర్వాత మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, ఆ తూటాని రేంజిలో దానికోసం పెట్టిన డబ్బాలో వేయండి. .22లో ప్రైమర్ మందు, అంటే పిన్ దెబ్బకి ముందు అంటుకునే మందు, కేసు అంచు చుట్టూ పరుచుకుని ఉంటుంది, ఎక్కడైనా పలచబడితే ఇలా అవుతుంది. కాబట్టి వందల్లో ఒకటీ అరా తప్పితే కంగారు పడక్కర్లేదు. అసలు భయపడాల్సింది ఇంకోటి: తుస్సుమని చిన్న చప్పుడు వచ్చి తన్ను లేకపోతే వెంటనే ఆపేయాలి. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగులుతుంది కూడా. పిస్టల్ ఖాళీ చేసి, విప్పి, బ్యారెల్ అటునుంచి ఇటు వెలుగు కనిపిస్తుందో లేదో చూడాలి. కొందరు వీడియోల్లో చూసి మ్యాగజైన్ అడుగున చరిచి, స్లైడ్ లాగి, టపటపా కాల్చేస్తారు. టార్గెట్ షూటింగ్‌లో అంత తొందర ఎవరికీ లేదు. ఖాళీ కేసు స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కోవడం మాత్రం ఎక్కువగా వదులు పట్టు వల్లో, బలహీనమైన తూటా వల్లో, మురికి వల్లో వస్తుంది. ఆ వరసలోనే చూసుకోండి.

కాల్చాక చేతులు సబ్బుతో, చల్లటి నీళ్లతో కడగాలి. .22 ప్రైమర్లలో సీసం ఉంటుంది, ఒట్టి బుల్లెట్ కూడా సీసమే. రేంజిలో తినకండి, తాగకండి, ముఖం తుడుచుకోకండి. ఆ బట్టలతో చిన్నపిల్లల్ని ఎత్తుకోకండి, అవి విడిగా ఉతకండి. గాలి వెనక నుంచి ముందుకి, అంటే మీ వైపు నుంచి టార్గెట్ వైపుకి పోని ఇండోర్ రేంజికి వెళ్లకపోవడమే మంచిది.

శుభ్రం చేయడం అరగంట పని. .22 మురికిగా కాలుతుంది, మైనం పూసిన బుల్లెట్లు, పొడి బూడిద. ఛాంబర్, స్లైడ్ ముఖం, ఖాళీ కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద, ఈ మూడు చోట్లా పాత టూత్‌బ్రష్‌తో ద్రావకం పెట్టి గీకండి. మురికి వల్ల వచ్చే ఇరుక్కోవడాలు అక్కడే పుడతాయి. బ్యారెల్‌ని ప్రతిసారీ రుద్ది రుద్ది అరగదీయకండి, రెండు తడి గుడ్డలు, రెండు పొడి గుడ్డలు చాలు, వీలైతే ఛాంబర్ వైపు నుంచి. నూనె స్లైడ్ పట్టాల మీద రెండు మూడు చుక్కలు. ఎక్కువైతే మసి పట్టి జిగురవుతుంది.

ఇంట్లో ఎలా ఉంచాలన్నారు. ఖాళీ పిస్టల్, గోడకో నేలకో బోల్టు బిగించిన ఉక్కు పెట్టెలో. తూటాలు వేరే తాళంలో. తాళంచెవి సొరుగులో, అల్మరా పైన పెట్టడం దాచడం కాదు. పిల్లలకి ఇంట్లో ఏది ఎక్కడుందో పెద్దవాళ్ల కంటే బాగా తెలుసు. తోలు ఒరలో ఎక్కువ కాలం ఉంచకండి, తోలులోని లవణాలు, తేమ తుప్పు పట్టిస్తాయి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి, నెలకోసారి చూసి నూనె గుడ్డతో తుడవండి. ట్రిగ్గర్ లాక్ వాడితే ఖాళీ పిస్టల్ మీద మాత్రమే వాడాలి. ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి: ఇంట్లో ఎవరైనా తీవ్రమైన దిగులులో, చావు మాటలు మాట్లాడే స్థితిలో ఉంటే, అది మీరే అయినా సరే, పిస్టల్ ఆ ఇంట్లో ఉండకూడదు. చట్టం ఒప్పుకునే చోట, క్లబ్బులోనో డీలరు దగ్గరో పెట్టి రండి. ఆ కాలం గడిచాక తెచ్చుకోవచ్చు. రవాణా, నిల్వ, తూటాల సంఖ్య మీద మీ చోటి నియమాలు వేరుగా ఉంటాయి, లైసెన్సు ఇచ్చినవాళ్ల దగ్గరే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఎదురుగా కూర్చున్న డీలరు నోటిమాట చాలదు.

9 ఎంఎం ఎప్పుడు? 15 మీటర్లలో .22తో ఐదేసి తూటాలు 10 సెం.మీ. లోపల పడటం మామూలయిపోవాలి, డమ్మీ పరీక్షలో మూతి మునగకూడదు. అప్పుడు పూర్తి సైజు 9 ఎంఎం, నాలుగున్నర అంగుళాల బ్యారెల్, 124 గ్రెయిన్ మామూలు తూటాలతో మొదలుపెట్టండి. ఆ రోజుల్లో మొదటి 30 తూటాలు .22తో, తర్వాత 9 ఎంఎం 50కి మించకుండా, చివరి 20 మళ్లీ .22తో కాల్చండి. ఆ చివరి గ్రూపు మొదటిదాని కంటే కిందికి జారిందంటే మూతి మళ్లీ మునగడం మొదలైందన్నమాట. రెండు వారాలు 9 ఎంఎం పక్కన పెట్టి, డ్రై ఫైర్‌కి, డమ్మీలకి వెళ్లండి.